మేకపోతు హుషారుగానే ఉంది.. మరి మేకలు ఎందుకు చూలు కట్టడం లేదు? దాణా గంపలోనే ఉంది అసలు కథ

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం: మందలో 20 మేకలుంటే వాటికి పోతు ఒక్కటే ఉంటుంది. 2017 జూన్ 20న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ గొర్రెల పంపిణీ పథకంలో కూడా ఇదే లెక్క. యూనిట్‌కు 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు. అంటే ఒక మేక చూలు కట్టకపోతే పోయేది ఒక ఈత. పోతులో లోపం ఉంటే ఆగిపోయేది మంద మొత్తం. అయినా సరే, మేకలు ఈనకపోతే మన దగ్గర ముందు అనుమానం వెళ్లేది మేక మీదకే. పోతును ఎవరూ అడగరు. ఎదకొచ్చిన మేక వెంట పడుతోంది, దాటుతోంది, ఇంకేం కావాలి అనుకుంటారు.

కావాల్సింది ఇంకోటి ఉంది. వీర్యంలో కదిలే కణాలు. అవి ఉన్నాయో లేదో పోతు మొహం చూసి చెప్పలేం. ఆ కణాలను దెబ్బతీసే పదార్థం ఒకటి ఖమ్మం, భద్రాచలం అడవి అంచు పల్లెల్లో దాదాపు ప్రతి ఇంట్లో దొరుకుతుంది. అదే పత్తి గింజ.

పత్తి చేను అడవి దాకా వచ్చాక..

ఏన్కూరు, జూలూరుపాడు, టేకులపల్లి వైపు వెళితే రోడ్డుకి ఒక పక్క పత్తి చేలు, ఆ వెనకే అడవి. ఒకప్పుడు మేకలు పొద్దున అడవిలోకి పోతే సాయంత్రం వరకు ఆకూ అలమూ మేసి వచ్చేవి. మేకకు దాణా అనే మాటే పెద్దగా లేదు. ఇప్పుడు మేత భూములు తగ్గాయి, మొక్కలు పెంచే చోట మేకలను రానివ్వరు. దాంతో మంద తిండిలో చేను వాటా, కొన్న దాణా వాటా పెరిగాయి.

పత్తి తీతలు అయిపోయాక జనవరి నుంచి మార్చి దాకా ఆ చేలల్లోనే మేకలను తోలుతారు. ఆకు, విచ్చుకోని కాయలు, కింద రాలిన గింజలు.. మేక దేన్నీ వదలదు. ఇంటికొస్తే ఇంకో గంప. పాడి బర్రెకు వెన్న శాతం పెరుగుతుందని పత్తి గింజలు నానబెట్టి పెట్టడం, పత్తి చెక్క కలపడం తెలుగు పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. బర్రెకు పెట్టిన దాంట్లో రెండు గుప్పెళ్లు పోతుకూ పడతాయి. బలం కోసం అని కాస్త ఎక్కువే పడతాయి కూడా.

బలం రాదని కాదు. పత్తి చెక్కలో మాంసకృత్తులు పుష్కలం, ధరకు తగ్గ సరుకు. తూకం పెరుగుతుంది, ఒళ్లు నిగనిగలాడుతుంది. కోతకు అమ్మే పోతుకు అది సరిపోతుంది. మందలో తిరగాల్సిన పోతుకు మాత్రం వేరే లెక్క ఉంది.

ఏంటీ గాసిపాల్?

పత్తి మొక్క తనను తాను కాపాడుకోవడానికి తయారు చేసుకునే పసుపు రంగు పదార్థం పేరు గాసిపాల్. గింజను కోసి చూస్తే లోపల నల్లటి చుక్కలు కనిపిస్తాయి కదా, అవే దాని సంచులు. పురుగు కొరికితే దానికి చేదు, విషం. అదే గాసిపాల్ మోతాదు మించితే పశువుకూ విషమే.

మగవాళ్ల సంతానంపై దీని ప్రభావం బయటపడింది మేకల్లో కాదు, మనుషుల్లో. చైనాలోని జియాంగ్సు ప్రాంతంలో ఓ పల్లెలో ఏళ్ల తరబడి పిల్లలు పుట్టలేదు. కారణం వెతికితే, వాళ్లు వంటకు వాడుతున్న శుద్ధి చేయని పత్తి గింజల నూనె దగ్గర తేలింది. 1957లో ఈ సంగతి అక్కడి వైద్య పత్రికకు ఎక్కింది. 1970ల్లో చైనా దీన్ని ఏకంగా మగవాళ్ల గర్భనిరోధక మాత్రగా మార్చాలని చూసింది. 8 వేల మందికి పైగా పురుషులపై ప్రయోగించారు. మాత్ర పని చేసింది.. కాస్త ఎక్కువే చేసింది. మానేశాక కూడా కొందరిలో వీర్యకణాలు తిరిగి రాలేదు. మరికొందరిలో రక్తంలో పొటాషియం పడిపోయింది. చివరికి 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పరిశోధనలు ఆపేయడమే మేలని చెప్పింది.

ఇది చదివి వంటింట్లో నూనె డబ్బా పారబోయాల్సిన పని లేదు. రిఫైన్ చేసే దశలో గాసిపాల్ పోతుంది. సమస్య శుద్ధి చేయని నూనె, పచ్చి గింజ, సరిగ్గా వేడి తగలని చెక్కతోనే.

పోతు ఒంట్లో ఏం జరుగుతుంది?

వీర్యకణం ఈదాలంటే శక్తి కావాలి. ఆ శక్తినిచ్చే మైటోకాండ్రియా కణం తల వెనక, తోక మొదట్లో చుట్టలా చుట్టుకుని ఉంటుంది. మోటార్ సైకిల్‌కు ఇంజిన్ ఉన్నట్టు. గాసిపాల్ నేరుగా దెబ్బకొట్టేది ఆ ఇంజిన్‌నే. కణం తయారవుతుంది కానీ మధ్య భాగం అతుకుల బొంతలా ఉంటుంది, తోక వంకర పోతుంది, ఈదలేదు. మోతాదు ఇంకా పెరిగితే వృషణాల్లో కణాల తయారీయే మందగిస్తుంది. ఎద్దులు, పొట్టేళ్లు, మేకపోతుల్లో చేసిన పరిశోధనలన్నీ దాదాపు ఇదే బొమ్మ చూపించాయి.

మరి పోతు మేకల వెంట ఎలా పడుతోంది? ఆ కోరికను నడిపే హార్మోన్ వేరు, కణాల తయారీ వేరు. రెండోది దెబ్బతిన్నా మొదటిది చాలాసార్లు నడుస్తూనే ఉంటుంది. అందుకే రైతుకు అనుమానం రాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. నెమరు వేసే జంతువుల్లో ఆడవాటి గర్భధారణ మీద గాసిపాల్ ప్రభావం పెద్దగా కనిపించదు. మంద మొత్తం ఒకే చేలో మేసి, ఒకే గంపలో తిన్నా మేకలకు ఏమీ కాదు, పోతుకే దెబ్బ. అన్నీ అదే తింటున్నాయి కదా, వాటికి రాని రోగం దీనికెందుకొస్తుంది అనే మాట ఇక్కడ పనికిరాదు.

మేక పొట్ట కొంత కాపాడుతుంది

భయపెట్టడానికి మాత్రమే అయితే ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ మేక అంత తేలిగ్గా లొంగదు. నెమరు పొట్టలో గాసిపాల్ చాలా వరకు మాంసకృత్తులకు అతుక్కుపోతుంది. అలా అతుక్కున్నది రక్తంలోకి పెద్దగా ఎక్కదు. అతుక్కోకుండా మిగిలిన దాన్నే ఫ్రీ గాసిపాల్ అంటారు. హాని చేసేది ఇదే. కోళ్లు, పందులకు ఈ రక్షణ లేదు. పాలు తాగే మేకపిల్లలకు కూడా లేదు, వాటి నెమరు పొట్ట ఇంకా తయారు కాలేదు కాబట్టి. చిన్న పిల్లలకు పత్తి గింజ అలవాటు చేస్తే గుండె దెబ్బతిని హఠాత్తుగా చనిపోయే ప్రమాదం ఉంది. ఇది సంతానం సమస్య కన్నా పెద్దది. పిల్లలకు పత్తి సరుకు పెట్టకండి.

పెద్ద పోతు విషయంలో అసలు ప్రశ్న పత్తి పెట్టాలా వద్దా అని కాదు. ఏ రూపంలో, ఎంత, ఎన్నాళ్లు అన్నదే ప్రశ్న.

300 గ్రాములు.. మూడు రకాల లెక్క

35 కిలోల పోతు రోజుకు కిలో నుంచి కిలోంపావు దాకా ఎండు మేత లెక్కన తింటుంది అనుకుందాం. యూరప్ దేశాల నిబంధన ప్రకారం పెద్ద మేకలు, గొర్రెల మొత్తం మేతలో ఫ్రీ గాసిపాల్ కిలోకు 300 మిల్లీగ్రాములు దాటకూడదు. పిల్లలకైతే ఆ పరిమితి 60 మాత్రమే. అంటే మన పోతుకు రోజంతా కలిపి 300 నుంచి 375 మిల్లీగ్రాములు హద్దు.

ఇప్పుడు ఆ పోతుకు రోజూ 300 గ్రాముల పచ్చి పత్తి గింజలు పెట్టారనుకోండి. గింజలో ఫ్రీ గాసిపాల్ రకాన్ని బట్టి మారుతుంది. తక్కువలో తక్కువగా 0.6 శాతం అనుకున్నా 1800 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తుంది. హద్దుకు అయిదు, ఆరు రెట్లు. అదే 300 గ్రాములు ఎక్స్‌పెల్లర్ మిల్లులో వేడి మీద నొక్కిన చెక్క అయితే, దాంట్లో ఫ్రీ గాసిపాల్ 0.02 నుంచి 0.05 శాతమే ఉంటుంది కాబట్టి 150 మిల్లీగ్రాములు దాటదు. హద్దులోనే ఉంది. ఇక వేడి చేయకుండా నేరుగా సాల్వెంట్‌తో నూనె తీసేసిన పిండి ఉంటుంది. దీంట్లో 0.1 నుంచి 0.5 శాతం దాకా ఉండొచ్చు. మధ్యస్థంగా 0.3 శాతం అనుకుంటే 900 మిల్లీగ్రాములు.

తూకం ఒకటే, పేరు కూడా పత్తి దాణాయే. లోపలికి వెళ్లే విషం మాత్రం 150 నుంచి 1800 దాకా. దుకాణంలో ధర అడుగుతారు, ఏ మిల్లు అని అడుగుతారు.. వేడి మీద నొక్కిందా, సాల్వెంట్‌దా అని అడిగేవాళ్లు అరుదు. అడగాల్సింది అదే.

పోల్చుకోవడానికి ఒక అంకె. 1998లో ఫ్లోరిడా పరిశోధకులు కోడెలకు కిలో శరీర బరువుకు రోజుకు 14 మిల్లీగ్రాముల ఫ్రీ గాసిపాల్ చొప్పున పెట్టి చూశారు. వీర్యకణాల్లో లోపాలు కనిపించాయి. 35 కిలోల బరువుకు అది 490 మిల్లీగ్రాములు. కోడె, మేక ఒకటి కావు, నిజమే. అయినా 1800 ఎక్కడ ఉందో అర్థమవుతుంది. అదే ప్రయోగంలో గాసిపాల్‌తో పాటు విటమిన్ ఇ కూడా ఇచ్చిన కోడెల్లో నష్టం బాగా తగ్గింది. విటమిన్ ఇ పచ్చి మేతలో బోలెడు ఉంటుంది. అడవి ఆకు మేసే పోతుకు కొంత కవచం దొరుకుతుంది. కొట్టంలో కట్టేసి ఎండు మేత, పత్తి గింజల మీదే పెంచే పోతుకు ఆ కవచం కూడా ఉండదు.

క్యాలెండర్‌లోనే అసలు తప్పు

ఒక మంచి వార్త. పెరిగే వయసు కోడెల్లో పత్తి దాణా ఆపేశాక వీర్యం మళ్లీ కోలుకుంది. మేకపోతులో ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 48 రోజులు, అక్కడి నుంచి నాళాల్లో పక్వానికి రావడానికి మరో పది, పన్నెండు రోజులు పడుతుంది. మొత్తం రెండు నెలలు. ఇవాళ దాటిన పోతు వీర్యం రెండు నెలల కిందట అది తిన్న తిండి ఫలితం అన్నమాట.

ఇప్పుడు మన పల్లె క్యాలెండర్ చూద్దాం. పత్తి చేలల్లో మేత మార్చితో అయిపోతుంది. తొలకరి పడి పచ్చిక మొలిచాక జూన్, జూలైల్లో మేకలు ఎక్కువగా ఎదకొస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో పత్తి సరుకు పూర్తిగా ఆపితే, జూన్ నాటికి పోతులో ఉండేది కొత్త కణాలే. చేలో మేసిన ప్రభావం అప్పటికి చాలా వరకు పోతుంది. కానీ జరిగేది వేరు. ఎండాకాలం మేత దొరకదు. ఇంట్లో మిగిలిన పత్తి గింజలు బయటికి తీసేది అప్పుడే. పైగా సీజన్ వస్తోంది, పోతుకు బలం పెట్టాలి అని మే నెలలోనే గంప నింపుతారు. సరిగ్గా పెట్టకూడని రెండు నెలల్లో.

దీనికి తోడు ఎండ. కొత్తగూడెం, భద్రాచలం వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు మామూలే. వృషణాలు ఒంటి వేడి కన్నా నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటేనే కణాలు సరిగ్గా తయారవుతాయి. నీడ, నీళ్లు లేని పోతుకు ఎండ దెబ్బ కూడా జూలైలోనే బయటపడుతుంది. కాబట్టి చూలు కట్టని ప్రతి మందకూ పత్తే కారణం అనడం తప్పు. ఎండ ఉండొచ్చు, బ్రూసెల్లా లాంటి రోగం ఉండొచ్చు, పోతు ముసలిదై ఉండొచ్చు, అదే మందలో పుట్టిన పోతును ఏళ్ల తరబడి వాడుతూ ఉండొచ్చు.

సుబాబుల్ సంగతేంటి?

భద్రాచలం పక్కన సారపాకలో కాగితం మిల్లు ఉంది కాబట్టి ఈ చుట్టుపక్కల సుబాబుల్ తోటలకు కొదవ లేదు. ఆకు మంచి మేత, మాంసకృత్తులు బాగుంటాయి. అయితే దాంట్లో మైమోసిన్ అనే పదార్థం ఉంటుంది. అదే పనిగా తింటే వెంట్రుకలు ఊడతాయి, థైరాయిడ్ గ్రంథి ఉబ్బుతుంది, పశువు నీరసించిపోతుంది. నీరసించిన పోతు మేకల వైపు ఏం చూస్తుంది?

ఇక్కడ కూడా మేక పొట్టదే గొప్ప కథ. ఆస్ట్రేలియాలో సుబాబుల్ తిన్న పశువులు జబ్బు పడుతుంటే, హవాయి దీవుల్లో మేకలు అదే ఆకు తిని హాయిగా ఉండటం రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త గమనించారు. ఆ మేకల నెమరు పొట్టలో మైమోసిన్ విషాన్ని తినేసే బ్యాక్టీరియా ఉందని తేలింది. దాన్ని ఆస్ట్రేలియా పశువుల పొట్టల్లోకి ఎక్కిస్తే అవీ తట్టుకున్నాయి. ఆ బ్యాక్టీరియాకు 1992లో జోన్స్ పేరే పెట్టారు. సుబాబుల్ బాగా పెరిగే మన లాంటి దేశాల మేకల్లోనూ ఇలాంటి బ్యాక్టీరియా ఉంటుంది. అందుకే ఇక్కడ పెద్ద గోల వినిపించదు. అయినా కొత్తగా కొన్న మందకు ఒకేసారి కట్టలు కట్టలు వేయొద్దు. మొత్తం మేతలో మూడో వంతు లోపు ఉంచి, మెల్లగా అలవాటు చేయడం మేలు.

ఇప్ప చెక్క విషయంలో ఇంత చర్చ అక్కర్లేదు. ఇప్ప గింజ నుంచి నూనె తీశాక మిగిలే చెక్కను చెరువుల్లో అక్కర్లేని చేపలను చంపడానికి వాడతారు. అది దాణా కాదు.

తౌడు ఎక్కువైతే ఇంకో ముప్పు

పత్తి వద్దన్నారు కదా అని గంపంతా తౌడు నింపితే మరో గొడవ. వరి తౌడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. మేతలో కాల్షియం భాస్వరానికి దాదాపు రెండింతలు ఉండాలి. ఇది తలకిందులైతే మూత్రంలో ఇసుక లాంటి రాళ్లు పుడతాయి. ఆడ మేకలో అవి జారిపోతాయి. పోతు మూత్ర నాళం సన్నగా, మెలిక తిరిగి ఉంటుంది, చివర్లో దారం లాంటి కొస ఉంటుంది. రాయి అక్కడ ఇరుక్కుంటుంది.

పోతు ముక్కుతుంటే మలబద్ధకం అనుకుని నూనె తాగించేవాళ్లు ఉన్నారు. తోక ఆడిస్తూ, పళ్లు కొరుకుతూ, చుక్క చుక్కగా మూత్రం పోస్తుంటే అది పొట్ట సమస్య కాదు. మూత్రాశయం పగిలేలోపు డాక్టర్ చూడాలి, గంటల మీద పని. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు. బక్రీద్ అమ్మకం కోసం గింజలు, తౌడు దట్టించి పెంచే పోతుల్లో ఈ బాధ ఎక్కువ. చిన్నప్పుడే వట్టలు కొట్టిన వాటిలో నాళం ఇంకా సన్నగా ఉండిపోతుంది కాబట్టి ముప్పు మరీ ఎక్కువ.

బూజు పట్టిన పల్లి చెక్క, తడిసిన మొక్కజొన్న కూడా పోతుకు వద్దు. వాటిలోని అఫ్లటాక్సిన్ కాలేయాన్ని తినేస్తుంది. పోతుకు పెట్టడం అనవసరం అనుకుని కోళ్లకు వేసేవాళ్లూ ఉన్నారు, కోళ్లకు అది ఇంకా ప్రమాదం.

మరి పోతుకు ఏం పెట్టాలి?

మేకలతో కలిపే కాలంలో రోజుకు 300 నుంచి 500 గ్రాముల దాణా చాలు. మొక్కజొన్న లేదా జొన్న నూక, కాస్త తౌడు, బూజు లేని పల్లి చెక్క లేదా నువ్వుల చెక్క, వంద కిలోలకు రెండు కిలోల ఖనిజ లవణ మిశ్రమం, కిలో ఉప్పు. ఖనిజ మిశ్రమాన్ని చాలామంది ఖర్చు అనుకుని వదిలేస్తారు. వృషణాల ఎదుగుదలకు, వీర్యకణాలకు జింక్ తప్పనిసరి, అది వచ్చేది దాంట్లోంచే. కొవ్వు పట్టేలా మేపడం కూడా మంచిది కాదు. బరువెక్కిన పోతు మేకలను దాటడానికే బద్ధకిస్తుంది.

పల్లి చెక్క ధర పత్తి చెక్క కన్నా ఎక్కువే. కానీ ఇది మందంతటికీ పెట్టమని కాదు, ఒక్క పోతుకు, రెండు నెలలు. ఆడ మేకలకు, బర్రెలకు వేడి మీద నొక్కిన పత్తి చెక్క మితంగా నడుస్తుంది. పత్తి గింజలు తప్పదనుకుంటే నానబెట్టి ఉడికించి వేస్తే ఫ్రీ గాసిపాల్ కొంత తగ్గుతుంది. అన్నభేది కలిపితే గాసిపాల్ కట్టుబడుతుందన్నది శాస్త్రం ఒప్పుకున్నదే. కానీ మోతాదు తప్పితే ఇనుము కూడా విషమే, డాక్టర్ చెప్పకుండా ఇంట్లో ప్రయత్నించొద్దు.

తప్పు పోతుదా, మేకదా తేల్చుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ఏ మేకను ఏ రోజు దాటిందో గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకోండి. చూలు కట్టని మేక సుమారు 21 రోజులకు మళ్లీ ఎదకొస్తుంది. ఒకటీ అరా తిరిగి ఎదకొస్తే లోపం ఆ మేకలో వెతకాలి. సగం మంద తిరిగి వస్తే పోతును పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వీర్యం చుక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే కణాలు ఈదుతున్నాయో లేదో నిమిషాల్లో తెలుస్తుంది. ఫలితం వచ్చేదాకా పక్క ఊరి నుంచి ఇంకో పోతును తెచ్చి మందలో వదలడం మేలు. మూడు ఎదలు వృథా అయితే రెండు నెలలు పోయినట్టే. ఆ పైన చూలు కట్టినా ఈనడానికి మరో అయిదు నెలలు పడుతుంది.